మేకు

మొన్న సాయంత్రం ఐదూ పదికి
పద్మారావునగర్ మీద ఆకాశం
తోమని రాగిచెంబు రంగుకి తిరిగింది.
ఆ తర్వాత పావుగంట ఏం జరిగిందో
చూసినవాళ్లు లేరు,
అందరం కిటికీలు మూసే పనిలో ఉన్నాం.

చప్పుడు మాత్రం విన్నాం.
గ్యాస్ బండ అన్నారు మూడో అంతస్తు వాళ్లు.
నేను ట్రాన్స్‌ఫార్మర్ అనుకున్నాను.
చెట్టని ఎవరికీ తట్టలేదు,
ఇన్నేళ్లలో ఒక్కసారైనా గొంతెత్తింది కాదు.

కొవ్వొత్తికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని దిగొచ్చి చూస్తే
గేటు నుంచి రోడ్డు అవతలి దాకా
నిద్రగన్నేరు పడుకుని ఉంది.
దాని కింద
ఫణీంద్ర గారి కారు, ఇంకా నంబరు ప్లేటు కూడా రానిది,
ఖాజా ఆటో ముందు చక్రం,
ప్రహరీ గోడ ఏడడుగులు, తెగిన కరెంటు తీగలు,
సాయవ్వ ఇస్త్రీ బండి.
పెట్టెలో నిప్పు వానకి చుయ్యిమంటోంది.

అసలు గాలి తెల్లారాక మొదలైంది.
చెట్టు ఎవరిది?
వేళ్లు మీ కాంపౌండువి అన్నాడు ఫణీంద్ర.
కొమ్మలు రోడ్డువి అన్నాడు మా సెక్రటరీ.
ఫోనెత్తిన మున్సిపాలిటీ అమ్మాయి
గోడకి లోపలిదా బయటిదా మేడమ్ అంది.
గోడే లేదమ్మా అన్నాను.
కంప్లైంట్ నంబరు ఇచ్చింది. తొమ్మిది అంకెలు.

మధ్యాహ్నం ఇన్సూరెన్స్ ఆయనొచ్చి
కారుకి ఇరవై మూడు ఫోటోలు తీశాడు.
నా బండిది గూడ తియ్యి బిడ్డా అంది సాయవ్వ.
మొహమాటానికి ఒకటి తీశాడు.
దాన్ని ఏ కాలమ్‌లో పెట్టాలో తెలీక
ఫోను ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఈ నీడ కోసం ఎన్ని పంచాయితీలు పడ్డాం!
ఏప్రిల్ వస్తే చాలు
రాత్రే స్కూటరు మీద తువ్వాలు కప్పి
జాగా పట్టుకునేవాళ్లం.

రెండో రోజు పొద్దు వాలుతుండగా మొగులయ్య వచ్చాడు,
భుజాన మిషన్ రంపం, వెనకాల పెట్రోలు సీసాతో కొడుకు.
"ఏడువేలిస్తే కోస్త. కట్టె నాకే."
కట్టె అన్నమాట చెవిన పడగానే
ముగ్గురు యజమానులు పుట్టుకొచ్చారు.
మొదలు మాది. నీళ్లు మేం పోశాం.
మా నాన్న నాటిన చెట్టు, అని కూడా ఒకాయన అన్నాడు.
ఆయన ఈ వీధికొచ్చి ఆరేళ్లు.

మొగులయ్య ఎవరి మాటా వినలేదు, తాడు లాగాడు.
అవతలి కొసన, రంపం ఇంకా చేరని కొమ్మల్లో
పచ్చగా మిగిలిన కాసిని ఆకులు
రోజూలాగే జంటలు జంటలుగా ముడుచుకుంటున్నాయి.
వాటికింకా ఎవరూ చెప్పినట్టు లేదు.

రంపం కీచుమని ఆగిపోయింది.
"మేకున్నది లోపట. పండ్లిరిగినయ్.
ఎవరు కొట్టిన్రు సార్ గిది?"

అందరం వంగి చూశాం.
బెరడుకి జానెడు లోతున, తుప్పుముద్ద.
దాని చుట్టూ కర్ర
దెబ్బ తగిలిన ఒళ్లులా నీలంగా కమిలింది.
టులెట్ బోర్డుదేమో అన్నారు.
ట్యూషన్ బోర్డుది, కాదు ఎలక్షన్ జెండాది అన్నారు.

తొంభై ఎనిమిది ముసురులో
పసిపాప గుడ్డలు ఆరేసే చోటు లేక
తాడు కట్టడానికి
పచ్చడి బండతో నేను కొట్టిన మేకు.
నాలుగు దెబ్బలు. మూడోది నా వేలి మీద.
తాడు ఎప్పుడు తెగిందో గుర్తు లేదు.
నేను మర్చిపోయాను.
చెట్టు దాని చుట్టూ పెరిగింది.

"కొత్త గొలుసు ఎనిమిదొందలు" అన్నాడు మొగులయ్య.
అందరూ సెక్రటరీ వైపు చూశారు,
సెక్రటరీ ఆకాశం వైపు చూశాడు.

లోపలికెళ్లి పర్సు తెచ్చాను.
మీరెందుకండీ అన్నాడు ఫణీంద్ర.
చిల్లర నా దగ్గరే ఉంది, అన్నాను.